కొత్త ధాన్యం రైతు దగ్గరే కొనాలంటే

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. నిరుడు కోనసీమలో ఒక చిన్న రైతు దగ్గర సార్వా (ఖరీఫ్) పంట స్వర్ణ రకం బియ్యం కొన్నాము. అన్నం ముద్దయింది. ఈసారి ఏ జాగ్రత్త తీసుకోవాలి?

జవాబు: అది రైతు లోపం కాదు, కొత్త బియ్యం గుణమే అంత. మారుటేరు వరి పరిశోధన స్థానం 1982లో విడుదల చేసిన స్వర్ణ కూడా కొన్ని నెలలు మాగితేనే పొడిపొడిగా ఉడుకుతుంది. అందువల్ల బియ్యంగా కాక ధాన్యంగానే కొని, ఆరు నెలలు నిల్వ ఉంచి, అవసరమైనంత మేరకే మర పట్టించుకోవడం మేలు. పైపొట్టు ఉన్నంత కాలం పురుగు బెడద కూడా తక్కువే. 75 కిలోల బస్తాకు సుమారు 50 కిలోల బియ్యం వస్తుంది.

కొనే ముందు కళ్లంలో నాలుగు గింజలు కొరికి చూడండి. టక్కున విరిగితే ఆరినట్టు, పంటి కింద మెత్తగా అణిగితే ఇంకా పచ్చిగా ఉన్నట్టు. నిల్వకు తేమ 14 శాతం మించకూడదు. కార్తీక మాసంలో తుపాను భయంతో తొందరపడి కోసిన చేలల్లో ఈ పరీక్ష మరీ ముఖ్యం. ఆరబెట్టడానికి రైతుకు అదనంగా కూలి ఖర్చవుతుంది కనుక, ముఖ్యంగా కౌలు రైతు దగ్గర, దయచేసి బేరమాడకండి. సొమ్ము కళ్లంలోనే చెల్లించండి.