శ్రుతి మారితే చేయి ఆగిపోతోంది, గిటార్‌ను వృత్తిగా తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది చీపురుపల్లి దగ్గర పల్లె. విజయనగరంలో బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. వీడియోలు చూసి గిటార్ నేర్చుకున్నాను. బ్లూస్ అనే అమెరికా సంగీతంలోని లిక్కులు, అంటే చిన్న చిన్న స్వరాల ముక్కలు చాలా వచ్చు, కానీ అన్నీ ‘ఏ’ స్కేల్‌లోనే. ఈమధ్య ఒక పెళ్లి ఆర్కెస్ట్రాలో వాయించే అవకాశం వచ్చింది. గాయని పాటను వేరే శ్రుతిలో ఎత్తుకోవడంతో నా చేయి ఆడలేదు. ప్రతి లిక్కునూ పన్నెండు స్కేళ్లలో విడివిడిగా నేర్చుకోవాలా? అసలు ఇది నాకు బతుకుతెరువు అవుతుందా? డిగ్రీ అయ్యాక బీఎడ్ చేయమని నాన్నగారు అంటున్నారు.

జవాబు: మీరు అడిగిన రెండు ప్రశ్నల్లో మొదటిది తేలితేనే రెండోది తేలుతుంది. పాడేవారి గొంతు ఎక్కడ ఉంటే అక్కడికి వెళ్లి వాయించగలగడమే గిటార్ వాద్యకారుడికి పని తెచ్చే మొదటి అర్హత. ఎన్ని లిక్కులు వచ్చునన్నది ఆ తర్వాతి మాట. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవారిని గమనించండి. నటుడు ఏ శ్రుతిలో పద్యం ఎత్తుకున్నా వారి వేళ్లు మరుక్షణమే అక్కడ ఉంటాయి. ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించే వ్యక్తి ట్రాన్స్‌పోజ్ మీట నొక్కి శ్రుతి మార్చుకోగలడు కానీ, గిటార్‌కు అలాంటి మీట లేదు. మెడ మీద తీగలన్నిటినీ నొక్కిపట్టే కాపో అనే బిగింపు పెట్టుకుంటే శ్రుతి పైకి మాత్రమే జరుగుతుంది, పైగా సోలో వాయించేవారికి ఆ మేరకు ఫ్రెట్లు (మెడ మీది అడ్డగీతల గళ్లు) తగ్గిపోతాయి.

అయితే పన్నెండు స్కేళ్లలో విడివిడిగా నేర్చుకోవలసిన అవసరం లేదు. గిటార్ మెడ మీద ఒక ఫ్రెట్ జరిగితే ఒక స్వరస్థానం జరిగినట్టే. కాబట్టి ఖాళీ తీగ తగలకుండా, ప్రతి స్వరాన్నీ ఫ్రెట్ మీద నొక్కి వాయించే లిక్కును ఎన్ని ఫ్రెట్లు జరిపితే అన్ని స్వరస్థానాల మేర అది కొత్త శ్రుతిలోకి వెళ్తుంది. వేళ్ల అమరిక మారదు. మీకు వచ్చిన లిక్కుల్లో ఖాళీ తీగలు వాడేవి ఉంటే ముందు వాటిని వేరు చేయండి, ఎందుకంటే అవి ఆ ఒక్క శ్రుతిలోనే కుదురుతాయి.

ఒక లిక్కును తీసుకుని చూద్దాం. ‘ఏ’ స్కేల్‌లో ఆధారం, అంటే షడ్జమం పడే చోటు, 6వ తీగ (అన్నిటికన్నా లావైనది) 5వ ఫ్రెట్. 3వ తీగ 7వ ఫ్రెట్ నొక్కి రెండు స్వరస్థానాల మేర తీగను లాగండి. తర్వాత 2వ తీగ 5, 1వ తీగ 5, 2వ తీగ 8, మళ్లీ 2వ తీగ 5, 3వ తీగ 7, 3వ తీగ 5, చివరికి 4వ తీగ 7. ‘ఏ’ను షడ్జమం అనుకుంటే మీరు వాయించింది మధ్యమం నుంచి పంచమానికి లాగి, ఆపైన ప, స, ని, ప, మ, గ, స. ఇందులో గాంధారం సాధారణ గాంధారం, నిషాదం కైశికి నిషాదం. మైనర్ పెంటటానిక్ అని పిలిచే ఈ ఐదు స్వరాలూ మన శుద్ధధన్యాసి స్వరాలే. ఇప్పుడు గాయని ‘సీ’ అడిగితే, అంటే హార్మోనియం వారి లెక్కలో ఒకటో కట్టె శ్రుతి అడిగితే, ఆధారం 8వ ఫ్రెట్‌కు వెళ్తుంది. లిక్కులోని ప్రతి అంకెకూ మూడు కలపండి. ‘జీ’, అంటే ఐదో కట్టె శ్రుతి అడిగితే ఆధారం 3వ ఫ్రెట్‌కు వస్తుంది కాబట్టి ప్రతి అంకె నుంచీ రెండు తీసేయండి. ఇక్కడ ఒక మాట గట్టిగా చెబుతాను: అంకెలను కాదు, స్వరాలను గుర్తుంచుకోండి. అంకెలు శ్రుతితో పాటు మారిపోతాయి, ‘పసనిప మగస’ మారదు. వాయించే ముందు దాన్ని గొంతెత్తి పాడండి. ఏదైనా శ్రుతిలో పాడగలిగి వాయించలేకపోతే అది వేళ్ల సమస్య, సాధనతో తీరుతుంది. పాడనే లేకపోతే ఆ లిక్కు మీకు ఇంకా రాలేదని అర్థం.

రాగంతో పోల్చాను కానీ బ్లూస్ శుద్ధధన్యాసి కాదు. దాని కింద మోగే కార్డులో (ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపులో) సాధారణ గాంధారం కన్నా ఒక స్వరస్థానం పైనున్న అంతర గాంధారం ఉంటుంది, పైన లిక్కులో సాధారణ గాంధారం వస్తుంది. అందుకే బ్లూస్ వాద్యకారులు ఆ గాంధారాన్ని కొద్దిగా పైకి నెట్టి, రెంటికీ మధ్య నిలుపుతారు. మధ్యమానికీ పంచమానికీ నడుమ ప్రతిమధ్యమాన్ని కూడా దాటుస్వరంగా తాకుతారు. మీరు శ్రుతి మార్చినప్పుడు ఫ్రెట్లు సరిగ్గా జరిగినా ఈ నెట్టడం తప్పిపోతే పాట చప్పబడుతుంది. 1వ ఫ్రెట్ దగ్గర తీగ బిగువుగా ఉండి లాగడానికి బలం కావాలి, 10వ ఫ్రెట్ దగ్గర సులువుగా సాగుతుంది. అందువల్ల ఒకే బెండ్‌ను, అంటే తీగ లాగడాన్ని, అన్ని చోట్లా చెవితో సరిచూసుకోవలసిందే.

రెండో మెట్టు ఇంకొంచెం కష్టమైనది, చాలామంది ఇక్కడే మానేస్తారు. ‘డీ’ శ్రుతికి 6వ తీగ మీద ఆధారం 10వ ఫ్రెట్‌లో ఉంది. మీ చేయి 5వ ఫ్రెట్ దగ్గర ఉన్నప్పుడు ప్రతిసారీ అంత దూరం ఎగబాకనక్కరలేదు, 5వ తీగ 5వ ఫ్రెట్ కూడా ‘డీ’యే. అక్కడ అదే లిక్కు కింది స్థాయిలో వస్తుంది: 4వ తీగ 5 నుంచి 7కు జారి, 3వ తీగ 7, 3వ తీగ 5, 4వ తీగ 7, 4వ తీగ 5, 5వ తీగ 8, 5వ తీగ 5. లావు తీగను లాగడం కష్టం కనుక జారమన్నాను. ఇలా ఒక తీగ నుంచి మరో తీగకు మార్చేటప్పుడు వేళ్ల అమరిక అన్నిసార్లూ అలాగే నిలవదు. పక్కపక్క తీగల మధ్య అయిదు స్వరస్థానాల దూరం ఉంటే, 3వ, 2వ తీగల మధ్య మాత్రం నాలుగే ఉంటుంది. కాబట్టి 3వ తీగ నుంచి 2వ తీగకు మారే స్వరాన్ని ఒక ఫ్రెట్ ముందుకు జరపాలి.

శ్రుతి మారడం వేరు, కార్డు మారడం వేరు. పన్నెండు బార్ల (తాళపు ఆవర్తాల) బ్లూస్‌లో ‘ఏ’ శ్రుతిలో నాలుగు బార్లు ‘ఏ’ కార్డు, రెండు ‘డీ’, రెండు ‘ఏ’, ఒకటి ‘ఈ’, ఒకటి ‘డీ’, చివరి రెండు ‘ఏ’. ‘డీ’ కార్డు రాగానే లిక్కును ‘డీ’కి జరపాలని కొత్తవారు కంగారుపడతారు. జరపనక్కరలేదు, షడ్జమం ‘ఏ’లోనే ఉంటుంది. పైగా ఆ సాధారణ గాంధారం ‘డీ సెవెన్’ కార్డుకు సొంత స్వరం, అక్కడ అది హాయిగా నిలుస్తుంది.

ఈ విద్య ఎందుకు పుట్టిందో తెలిస్తే మీ ఇబ్బంది కొత్తది కాదని తెలుస్తుంది. అమెరికా దక్షిణ ప్రాంతపు నల్లజాతివారి పాటగా బ్లూస్ మొదలైనప్పుడు, ఒంటరిగా గిటార్ పట్టుకుని పాడేవారికి ‘ఈ’, ‘ఏ’ వంటి ఖాళీ తీగల శ్రుతులు అనుకూలంగా ఉండేవి. ట్రంపెట్, శాక్సఫోన్ ఉన్న బృందాలకు ‘బీ ఫ్లాట్’, ‘ఈ ఫ్లాట్’, ‘ఎఫ్’ అనువైనవి. ఆ బృందాల ముందు నిలబడి వాయించిన టీ-బోన్ వాకర్ (1910–1975), బీబీ కింగ్ (1925–2015) వంటివారికి ఖాళీ తీగల మీద ఆధారపడని వాయింపు తప్పనిసరి అయింది. మీ ఆర్కెస్ట్రాలో గాయని మీ ముందు పెట్టిన అవసరమూ అదే.

సాధనకు మూడు లిక్కులు చాలు. 6వ తీగ మీద 8, 1, 6, 11, 4, 9, 2, 7, 12, 5, 10, 3 ఫ్రెట్లను ఈ వరసలోనే ఆధారంగా పట్టి ఒక్కో లిక్కునూ వాయించండి. ఇది ‘సీ’ నుంచి మొదలై ప్రతిసారీ మధ్యమాన్ని కొత్త షడ్జమం చేసుకుంటూ పన్నెండు శ్రుతులూ తిరిగే వరస. ఒక్కో ఫ్రెట్ జరుపుకుంటూ పోతే చేయి అలవాటుగా వెళ్తుంది కానీ మనసు పనిచేయదు. ఈ వరసలో మనసు పనిచేయక తప్పదు. తాళం తిశ్ర నడలో ఉంచి, ‘తకిట’లో మొదటిదాన్నీ మూడోదాన్నీ మాత్రమే మీటితే షఫుల్ అనే బ్లూస్ నడక వస్తుంది.

ఇక వృత్తి సంగతి. మన జిల్లాల్లో కేవలం బ్లూస్ వాయించి ఇల్లు గడపడం సాధ్యం కాదు, ఈ విషయంలో మీకు ఆశ చూపలేను. పెళ్లి ఆర్కెస్ట్రాలు, చర్చి గాన బృందాలు, పిల్లలకు పాఠాలు, విశాఖపట్నంలో దొరికే కార్యక్రమాలు కలిస్తే ఆదాయం వస్తుంది, అదీ పెళ్లి ముహూర్తాలతో పాటు పెరిగి తరుగుతుంది. అందుకని బీఎస్సీ పూర్తి చేయండి, మధ్యలో ఆపకండి. విజయనగరంలో 1919లో మొదలైన మహారాజా ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాల మీకు దగ్గరలోనే ఉంది. పాశ్చాత్య వాద్యమైన వయొలిన్‌ను కర్ణాటక సంగీతంలో శిఖరానికి చేర్చినవారిలో ఒకరైన ద్వారం వెంకటస్వామినాయుడు గారు బోధించిన చోటు అది. అక్కడ గాత్రం నేర్చుకుంటే మీకు లోటుగా ఉన్న స్వరజ్ఞానం కుదురుతుంది. ప్రవేశాలు, తరగతుల వేళలు స్వయంగా వెళ్లి కనుక్కోండి. ట్రినిటీ కాలేజ్ లండన్ వారి రాక్ అండ్ పాప్ గిటార్ పరీక్షల్లో మనోధర్మంగా వాయించే విభాగాన్ని ఎంచుకోవచ్చు, పాఠాలు చెప్పుకోవాలనుకునేవారికి ఆ ధ్రువపత్రం పనికొస్తుంది. అయితే కేంద్రీయ విద్యాలయాల్లో ప్రాథమిక స్థాయి సంగీత ఉపాధ్యాయ ఉద్యోగానికి సంగీతంలో డిగ్రీ అడుగుతారు, గ్రేడ్ పరీక్ష దానికి బదులు కాదు.

మీ నాన్నగారి మాటను అడ్డంకిగా చూడకండి. బీఎడ్ చేసి సైన్సు ఉపాధ్యాయుడైనా సాయంత్రాలు గిటార్ మీవే. డిగ్రీ చివరి సంవత్సరం మొదలయ్యేలోగా, గాయని ఏ శ్రుతి చెప్పినా అప్పటికప్పుడు మూడు లిక్కులూ తడబడకుండా వాయించే స్థితికి రండి. ఆ తర్వాత అదే ఆర్కెస్ట్రా వారిని మరో అవకాశం అడగండి. వారు మిమ్మల్ని మళ్లీ మళ్లీ పిలుస్తూ ఉంటే సంగీతంలో పైచదువుకు వెళ్లే విషయం నాన్నగారితో కూర్చుని మాట్లాడండి. పిలవకపోతే బీఎడ్ దరఖాస్తు గడువు దాటనివ్వకండి.