పక్షుల బొమ్మలు అన్నం పెడతాయా?

ప్రశ్న: మాది నెల్లూరు, చెన్నై వేళచ్చేరిలో స్థిరపడ్డాం. అమ్మాయి ప్లస్ వన్, బయాలజీ గ్రూపు. నోటుబుక్కు నిండా పక్షులు, మేడెక్కితే పాస్టెల్స్‌తో ఆకాశం. నీట్ కోచింగ్ మానేసి ఫైన్ ఆర్ట్స్ చేరతానంటోంది. ఒకటే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మీరు పంపిన బొమ్మలు చూశానండి. గూడబాతు ముక్కు మీది చుక్కలు కూడా వదలకుండా వేసింది. కానీ అది ఫోన్‌లో ఫొటో చూసి వేసిందని ఇట్టే తెలిసిపోతోంది. నాకు నచ్చింది మూలన బాల్‌పెన్నుతో గీకిన గద్ద. నాలుగు గీతలు, చీలిన తోక, ఓ పక్కకి వాలిన రెక్క. అది కళ్లతో చూసి గీసిన బొమ్మ.

పక్షులు చేరే పళ్లికరణై చిత్తడి నేల మీకు దగ్గరే కదా, ఆదివారం పొద్దున్నే తీసుకెళ్లండి. బొమ్మ సగంలో ఉండగానే పక్షి ఎగిరిపోతుంది, పోనివ్వండి. ఆ సగం బొమ్మల పుస్తకాన్ని దాచమనండి, రేపు పోర్ట్‌ఫోలియోలో, అంటే తన పని చూపించుకునే బొమ్మల కట్టలో, పనికొచ్చేది అదే.

బయాలజీ మాత్రం వదలనివ్వకండి. కొంగ కాలు వెనక్కి వంగేచోట మోకాలు వేసింది. నిజానికి అది మడమ, మోకాలు పైన ఈకల్లో దాగి ఉంటుంది. పక్షుల గైడ్లకీ, పాఠ్యపుస్తకాలకీ, పార్కుల్లో పెట్టే సమాచార బోర్డులకీ బొమ్మలు వేసేవాళ్లకి ఈ తేడా తెలిసి తీరాలి. యానిమేషన్‌లో బ్యాక్‌గ్రౌండ్ పనీ ఉంది. మొదట్లో నెలనెలా జీతంలా డబ్బు రాకపోవచ్చు, దానికి మీరు సిద్ధపడాలి.

ప్లస్ టూ పూర్తి కానివ్వండి. ఎగ్మూరులో 1850లో మొదలైన ప్రభుత్వ లలిత కళల కళాశాల ఉంది, అక్కడి ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ బీఎఫ్‌ఏ 4 ఏళ్లు. డిజైన్ వైపు వెళ్లాలంటే ఎన్‌ఐడీ డాట్, యూసీడ్ అనే డిజైన్ ప్రవేశ పరీక్షలు రాయవచ్చు, ఏ గ్రూపువాళ్లయినా సరే. ఇష్టం లేని నీట్ కోచింగ్‌కి లక్షలు పోయడం నాకు సబబుగా అనిపించడం లేదు.

ఇక ఆకాశం. పైనుంచి కిందిదాకా ఒకటే నీలం రుద్దేసింది. నడినెత్తిన ముదురుగా ఉండే నీలం దిగంతం దగ్గరికొచ్చేసరికి పాలిపోతుంది, సాయంత్రం మేడ మీద ఓసారి గమనించమనండి. నున్నటి చార్టు మీద సాఫ్ట్ పాస్టెల్ పొడి నిలవదు, గరుకు కాగితం కావాలి. రాలిన పొడిని నోటితో ఊదకుండా, అట్టను నిలబెట్టి వెనకనుంచి తట్టమనండి. పెద్ద రంగుల పెట్టె అడుగుతుందేమో, అది తర్వాత చూద్దాం. ముందు ఓ ఇరవై షీట్లు కొనివ్వండి చాలు.