పచ్చళ్ల ఆర్డర్లకి క్రెడిట్ కార్డు లింక్ పెట్టాలా?

ప్రశ్న: భీమవరంలో ఇంట్లోనే ఆవకాయ, గోంగూర, రొయ్యల పచ్చడి పెట్టి వాట్సాప్‌లో అమ్ముతున్నాను. నెలకి లక్షన్నర దాకా అమ్మకం, ఖర్చులన్నీ పోను నూటికి ఇరవై మిగులుతుంది. డబ్బంతా నా సేవింగ్స్ ఖాతాకే యూపీఐలో వస్తోంది. హైదరాబాద్, బెంగళూరు వాళ్లూ, అమెరికాలో ఉన్న మనవాళ్లూ క్రెడిట్ కార్డు తీసుకుంటారా అని అడుగుతున్నారు. ఒక ఏజెన్సీ వెబ్‌సైట్, పేమెంట్ గేట్‌వే (ఆన్‌లైన్‌లో కార్డు డబ్బు తీసుకునే ఏర్పాటు) కలిపి 45 వేలు అడిగింది. పెట్టించుకోమంటారా? రెండు శాతం చార్జీ పోతే నాకేం మిగులుతుంది?

జవాబు: ముందు ఆ 45 వేలు ఆపండమ్మా. మీరు వాట్సాప్‌లో అమ్ముతున్నారు, మీ కస్టమర్లకి అదే అలవాటు. కార్డు డబ్బు తీసుకోడానికి మీకు ఈ రోజు వెబ్‌సైట్ అవసరం లేదు, పేమెంట్ లింక్ చాలు. ఆర్డర్ ఖరారయ్యాక యాప్‌లో 2,500 అని కొట్టి లింక్ తయారు చేసి అదే చాట్‌లో పంపిస్తారు, వాళ్లు నొక్కి కార్డు వివరాలు ఇచ్చి ఓటీపీ కొడతారు, అంతే. రేజర్‌పే, క్యాష్‌ఫ్రీ, పేయూ లాంటివన్నీ ఈ సదుపాయం ఇస్తున్నాయి. ఎవరితో వెళ్లినా ఆర్‌బీఐ అనుమతి ఉన్న పేమెంట్ అగ్రిగేటరా (వ్యాపారుల తరఫున డబ్బు వసూలు చేసి వాళ్ల ఖాతాలో వేసే సంస్థ) కాదా అన్నది ఒక్కటి చూసుకోండి, ఆ జాబితా ఆర్‌బీఐ సైట్‌లోనే ఉంటుంది.

దానికంటే ముందు ఇంకో పని ఉంది. మీ బ్యాంకులో వ్యాపారం పేరుతో కరెంట్ ఖాతా తెరిచి మర్చంట్ క్యూఆర్, అంటే వ్యాపారులకిచ్చే క్యూఆర్ కోడ్, తీసుకోండి. ఇప్పుడు మీరు వాడుతున్నది సొంత ఖాతా యూపీఐ, దానికి క్రెడిట్ కార్డు నుంచి డబ్బు రాదు. మర్చంట్ క్యూఆర్ అయితే రూపే క్రెడిట్ కార్డుని యూపీఐ యాప్‌కి కలుపుకున్నవాళ్లు దాన్ని స్కాన్ చేసి కార్డు నుంచే కట్టేయొచ్చు. చిన్న వ్యాపారులకి 2,000 రూపాయల లోపు అలాంటి పేమెంట్ల మీద చార్జీ లేదు. ఖాతా నుంచి నేరుగా వచ్చే మామూలు యూపీఐకి 2020 జనవరి నుంచే వ్యాపారి దగ్గర తీసుకునే చార్జీ సున్నా. అంటే కార్డు అడిగేవాళ్లలో కొందరి సంగతి గేట్‌వే లేకుండానే తేలిపోతుంది.

ఇక రెండు శాతం లెక్క. దేశీ క్రెడిట్ కార్డుకి మామూలుగా చెప్పే రేటు రెండు శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ. 2,500 ఆర్డర్‌కి 50, జీఎస్టీ 9, మొత్తం 59 పోతుంది. అమ్మకంలో చూస్తే ఇది చిన్న మొత్తమే, కానీ ఆ ఆర్డర్ మీద మీకు మిగిలేది 500, అందులో 59 అంటే దాదాపు ఎనిమిదో వంతు. మీ నెల అమ్మకమంతా గేట్‌వే మీదుగా పంపిస్తే 3,540 పోతుంది, ఏడాదికి 42 వేలు దాటుతుంది. అదే కార్డు తప్ప కుదరదన్నవాళ్లకి మాత్రమే, నెలకి ఓ 40 వేల అమ్మకానికి లింక్ వాడితే 944తో సరిపోతుంది. గేట్‌వే లింకులో కస్టమర్ యూపీఐ ఎంచుకుని కట్టినా కొన్ని కంపెనీలు ప్లాట్‌ఫామ్ ఫీజు అని పట్టుకుంటాయి, చాలామంది ఇది చూసుకోరు. అందుకే యూపీఐ వాళ్లకి మీ బ్యాంకు క్యూఆర్ పంపండి, కార్డు వాళ్లకే లింక్ పంపండి. సెట్టింగ్స్‌లో లింకులో యూపీఐని ఆపేసే వీలుంటే ఆపేయండి.

కార్డు వాళ్ల దగ్గర ఆ రెండు శాతం విడిగా వసూలు చేద్దామని కూడా అనిపిస్తుంది, వద్దు. డెబిట్ కార్డు మీద చార్జీని కస్టమర్ మీద వేయకూడదని ఆర్‌బీఐ బ్యాంకులకి స్పష్టంగా చెప్పింది. క్రెడిట్ కార్డు విషయంలో కూడా బిల్లు చివర్లో అదనంగా 59 కనిపిస్తే కొనేవాళ్లకి చిరాకు. కేజీకి పదో పదిహేనో ధర పెంచి అందరికీ ఒకే రేటు పెట్టడం నయం.

ఇప్పుడు జీఎస్టీ. ఏడాదికి మీ అమ్మకం 18 లక్షలు, ఆంధ్రప్రదేశ్‌లో సరుకులకి పరిమితి 40 లక్షలు కాబట్టి నాకు అక్కర్లేదు అనుకుంటూ ఉండుంటారు. ఆ 40 లక్షలు రాష్ట్రం లోపల అమ్మేవాళ్లకి. పచ్చడి డబ్బా రాష్ట్రం దాటితే మొదటి రూపాయి నుంచే రిజిస్ట్రేషన్ ఉండాలి, హైదరాబాద్ కూడా మనకిప్పుడు వేరే రాష్ట్రమే. చిన్న వ్యాపారులు అమ్మకం మీద తక్కువ శాతం పన్ను కట్టే కాంపొజిషన్ స్కీమ్ కూడా కుదరదు, ఎందుకంటే అందులో ఉన్నవాళ్లు బయటి రాష్ట్రానికి అమ్మకూడదు. 2025 జులైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ వసూళ్ల లెక్కలు తీసి చిన్న దుకాణాల వాళ్లకి కూడా నోటీసులు పంపిన సంగతి గుర్తుందిగా. మీ వసూళ్లన్నీ సేవింగ్స్ ఖాతాలో పడి ఉన్నాయి, ఇంటి ఖర్చులూ అందులోనే. అందుకే క్యూఆర్, లింక్ కంటే ముందే దీన్ని ఒక అకౌంటెంట్‌తో కూర్చుని సరిచేసుకోమంటున్నాను, పాత నెలల సంగతితో సహా. రిజిస్టర్ అయ్యాక గేట్‌వే ఫీజు మీద కట్టిన ఆ 9 రూపాయల జీఎస్టీని మీరు కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకోవచ్చు. ఎలాగూ గేట్‌వే వాళ్లు కూడా పాన్, కరెంట్ ఖాతా, ఉద్యమ్ (చిన్న పరిశ్రమల నమోదు), తిండి సరుకు కాబట్టి ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే కాగితం అడుగుతారు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ప్రభుత్వ సైట్‌లో ఉచితం, దానికి ఎవరికీ డబ్బులివ్వకండి.

డబ్బు చేతికొచ్చే టైమ్ గురించి మీరు అడగలేదు కానీ పచ్చళ్ల వ్యాపారంలో నాకు ఎక్కువ భయం అక్కడే. యూపీఐ డబ్బు వెంటనే పడుతుంది, కార్డు డబ్బు సాధారణంగా రెండు పనిదినాల తర్వాత వస్తుంది, మధ్యలో శని, ఆదివారాలు పడితే ఇంకా ఆలస్యం. ఏప్రిల్, మే నెలల్లో కాయలు, నూనె, కారం అన్నీ రొక్కం పెట్టి కొనాలి. పైగా నెలకి 40 వేలు వచ్చే ఖాతాలోకి ఒక్క వారంలో మూడు లక్షలు వస్తే గేట్‌వే రిస్క్ విభాగం అనుమానపడి సెటిల్‌మెంట్, అంటే మీ ఖాతాలో డబ్బు వేయడం, ఆపేసి బిల్లులు అడిగే అవకాశం ఉంది. నా దగ్గరికి వచ్చే ఒక స్వీట్ల వ్యాపారికి దసరా ముందు సరిగ్గా ఇలాగే జరిగింది, మూడు వారాలు డబ్బు రాక జీతాలకి అప్పు తెచ్చుకున్నాడు. మీరు మార్చిలోనే వాళ్లకి మెయిల్ పెట్టండి, మాది సీజన్ వ్యాపారం, ఈ రెండు నెలలు ఇంత వస్తుంది అని. ప్రతి ఆర్డర్‌కి బిల్లు, కొరియర్ రసీదు దాచండి. కాయల కొనుగోలుకి సరిపడా డబ్బు గేట్‌వేతో సంబంధం లేకుండా విడిగా ఉంచుకోండి.

అమెరికా ఆర్డర్ల దగ్గర తొందరపడొద్దు. విదేశీ కార్డుకి రేటు మూడు శాతం దాకా ఉంటుంది, అదీ కాక అక్కడి కార్డుల్లో చాలావాటికి మన ఓటీపీ లాంటిది ఉండదు. కొన్నాయన నెలో రెండు నెలలో ఆగి బ్యాంకుకి ఫోన్ చేసి ఈ లావాదేవీ నాది కాదు, లేదా సరుకు అందలేదు అంటే చార్జ్‌బ్యాక్ అని డబ్బు మీ ఖాతా నుంచి వెనక్కి లాగేస్తారు, అందిందని రుజువు చూపించాల్సింది మీరే. 2025 ఆగస్టు 29 నుంచి అమెరికా 800 డాలర్ల లోపు పార్సిళ్లకి ఉన్న సుంకం మినహాయింపు తీసేసింది, దాంతో పార్సిల్ అక్కడికి చేరాక కస్టమర్ సుంకం కట్టనంటే సరుకూ పోతుంది, డబ్బు కోసం గొడవా వస్తుంది. మీ పేరుతో అమ్మి పంపితే అది ఎగుమతి, కేంద్రం విదేశీ వాణిజ్య విభాగం డీజీఎఫ్‌టీ దగ్గర ఐఈసీ అనే ఎగుమతి, దిగుమతి కోడ్ తీసుకోవాలి, ఫీజు 500. ఇవన్నీ వచ్చే ఏడాది పెట్టుకోండి. ప్రస్తుతానికి అక్కడివాళ్లు ఇక్కడ అమ్మానాన్నలకి పచ్చడి పంపించే ఆర్డర్లు మాత్రం తీసుకోండి. వాళ్లకి ఇక్కడి బ్యాంకులో ప్రవాసులకిచ్చే ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతా ఉంటే అమెరికా ఫోన్ నంబరుతోనే యూపీఐ చేయొచ్చు, కార్డు అక్కర్లేదు.

ఒక జాగ్రత్త. కొంతమంది కస్టమర్లు మంచితనంతో కార్డు ఫొటోనే వాట్సాప్‌లో పంపేస్తారు, వెంటనే డిలీట్ చేసి లింక్ పంపండి. 2022 అక్టోబరు 1 నుంచి వ్యాపారులు కార్డు నంబర్లు దాచుకోకూడదు, ఆ నంబరు మీ ఫోన్‌లో ఉండటం మీకే ప్రమాదం. అలాగే పేమెంట్ అయినట్టు స్క్రీన్‌షాట్ వచ్చిందని డబ్బా కొరియర్‌కి ఇవ్వకండి, మీ యాప్‌లోనో ఖాతాలోనో కనిపించాకే ఇవ్వండి.

కరెంట్ ఖాతా, జీఎస్టీ, క్యూఆర్, తర్వాత లింక్, ఈ వరసలో వెళ్తే నెలా నెలన్నర పడుతుంది. లింక్ మొదలయ్యాక మొదటి నెల సెటిల్‌మెంట్ రిపోర్టు డౌన్‌లోడ్ చేసి నాకు పంపండి, ఫీజు ఎంత పట్టుకున్నారో చూసి కేజీ ధర ఎంత పెంచాలో అప్పుడు లెక్కేద్దాం.