కుదువ ఆస్తి కోర్టు వేలంలో పోతే, కేసులో పేరు లేనివారు అడగవచ్చా?

ప్రశ్న: వకీలు సాబ్, మాది వరంగల్ మట్టెవాడ. మా బావ 2016లో ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి వ్యాపారి దగ్గర అప్పు తీసుకుని, శివనగర్‌లోని ఇల్లు, పక్కనే వేరే నంబరుతో ఉన్న మడిగె (దుకాణం) రెండూ రిజిస్టర్ కుదువ పెట్టారు. 2019లో ఆ మడిగెను నాకు రిజిస్ట్రీ చేసి ఇచ్చారు. 2020లో బావ చనిపోయారు. 2021లో ఆ వ్యాపారి మా అక్క మీద, మేనల్లుడి మీద కేసు వేసి డిక్రీ (బాకీ వసూలుకు కోర్టు తీర్పు) తెచ్చుకున్నాడు. నన్ను పార్టీగా చేర్చలేదు. ఐదు వారాల కింద ఇల్లు, మడిగె కలిపి కోర్టు వేలంలో 31 లక్షలకు పోయాయి. బయట రేటు దానికి దాదాపు రెట్టింపు. కేసులో లేనివాడికి అడిగే హక్కు లేదని అందరూ అంటున్నారు. నిజమేనా? మా అక్క ఏమైనా చేయగలదా?

జవాబు: నిజం కాదు. వేలాన్ని ప్రశ్నించాలంటే కేసులో పేరు ఉండి తీరాలని చట్టం ఎక్కడా అనలేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 21వ ఆర్డర్, 90వ రూల్ ప్రకారం డిక్రీదారు, వేలంలో కొన్నవారు, వేలం సొమ్ములో వాటా రావలసినవారు మాత్రమే కాదు, ఆ వేలం వల్ల ఎవరి హక్కు దెబ్బతింటుందో వాళ్లు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు. మీ చేతిలో రిజిస్టర్ దస్తావేజు ఉంది. మీ మడిగె వేలంలో పోయింది. ఇంతకంటే హక్కు దెబ్బతినడం ఇంకేముంటుంది? వేలంలో పాట పాడి ఓడిపోయినవాడో, పక్కింటాయనో వస్తే కోర్టు వినదు. ఒట్టి అగ్రిమెంటు పట్టుకుని వచ్చినవారికీ కష్టమే, ఎందుకంటే అమ్మకపు ఒప్పందం ఒక్కటే ఆస్తిలో హక్కు పుట్టించదు. మీ సంగతి అలా కాదు.

అయితే హక్కు ఉన్నంత మాత్రాన వేలం రద్దు కాదు. 90వ రూల్ కింద వేలం ప్రకటనలోనో, నిర్వహణలోనో పెద్ద లోపం గానీ మోసం గానీ జరిగిందని, దానివల్లే మీకు గట్టి నష్టం వచ్చిందని రుజువు చేయాలి. ధర తక్కువ పలికిందన్న మాట ఒక్కటే చాలదు. ఎంతోమంది ఇదే పట్టుకుని వేలాడి ఓడిపోతుంటారు.

కాబట్టి ముందు హనుమకొండ కోర్టులో ఆ ఈపీ (డిక్రీ అమలు పిటిషన్) ఫైలు నకళ్లు తీయించండి. వేలం ప్రకటన కోర్టులో అంటించిన తేదీకీ వేలానికీ మధ్య కనీసం 15 రోజులు ఉన్నాయా? డప్పు చాటింపు నిజంగా జరిగిందా, కోర్టు ఉద్యోగి అయిన అమీను కాగితం మీదే వాయించారా? ప్రకటన ఖరారు చేసేముందు అక్కకు నోటీసు అందిందా? కొన్నవారు ఆ రోజే నాలుగో వంతు కట్టారా, మిగతాది 15 రోజుల్లో జమ చేశారా? ఈ చివరిది తప్పకుండా చూడండి. గడువులో సొమ్ము కట్టకపోతే అసలు వేలమే చెల్లదని 1954లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కొన్నది ఎవరో కూడా ఆరా తీయండి. కుదువ పట్టుకున్న వ్యాపారి కోర్టు అనుమతి లేకుండా తానే పాడినా, బావమరిది పేరు మీద పాడించినా, అది విడిగా ఒక కారణం అవుతుంది.

మీ అక్క సంగతి కొంచెం వేరు. నోటీసు అందుకుని, విలువ తక్కువ వేశారని అప్పుడు నోరు విప్పకపోతే, ఇప్పుడు అదే మాట ఎత్తడానికి 90(3) అడ్డొస్తుంది. నోటీసే రాని మీకు ఆ అడ్డు అంతగా ఉండదు.

ఇక నా సలహా. డబ్బు సమకూరే దారి ఉంటే లోపాల వేట కంటే 89వ రూల్ మేలు. ఇందులో తప్పు ఎవరిదో నిరూపించే పని లేదు. వేలం ధరలో 5 శాతం కొన్నవారి కోసం, ప్రకటనలో చూపిన డిక్రీ సొమ్ము వ్యాపారి కోసం కోర్టులో జమ చేస్తే వేలం రద్దవుతుంది. మీ లెక్కలో 5 శాతం అంటే 1,55,000 రూపాయలు. డిక్రీ సొమ్ము ఎంతో ప్రకటనలోనే ఉంటుంది. ఆస్తిలో హక్కున్నవారే కాదు, వారి తరఫున, వారి మేలు కోరి ఇంకొకరు కూడా కట్టవచ్చు. అంటే మీ హక్కు మీద ఎవరైనా పేచీ పెట్టినా, అక్క తరఫున మీరు కట్టవచ్చు. ఇల్లు కూడా బాకీ నుంచి బయటపడుతుంది గనుక, కట్టిన దానిలో ఇంటి వంతు రాబట్టుకోవడానికి వ్యాపారికి ఉన్న కుదువ హక్కు మీకు వస్తుంది. ఇంట్లో మనస్పర్థలు రాకముందే అక్కతో ఆ మాట కాగితం మీద పెట్టుకోండి.

ఒక మెలిక ఉంది. 90 కింద దరఖాస్తు వేసినవారు దాన్ని వెనక్కి తీసుకుంటే తప్ప 89 కింద నడవలేరు. రెండు పడవల ప్రయాణం కుదరదు.

గడువు విషయంలో మాత్రం ఏమరుపాటు వద్దు. రెండింటికీ 60 రోజులే, అదీ వేలం జరిగిన రోజు నుంచి. కోర్టు వేలాన్ని ఖాయం చేసే కన్ఫర్మేషన్ రోజు నుంచి అనుకుని చాలామంది మునుగుతారు. ఆలస్యాన్ని మన్నించమని అడిగే లిమిటేషన్ చట్టం 5వ సెక్షన్ 21వ ఆర్డర్ దరఖాస్తులకు వర్తించదు. మోసం దాచిపెట్టి ఉంటే లెక్క మారవచ్చు గానీ దాని మీద ధీమా పెట్టుకోకండి. మీకు దాదాపు మూడున్నర వారాలే మిగిలాయి. డబ్బు జమ కూడా ఈ గడువులోనే జరగాలి.

గడువు దాటిపోయినా మీకు ఇంకో దారి ఉంది, అక్కకు అది లేదు. మీరు కొన్నది 2019లో, కేసు పడింది 2021లో. కుదువ ఆస్తిలో హక్కున్న ప్రతివారినీ పార్టీగా చేర్చాలని 34వ ఆర్డర్ చెబుతుంది. చేర్చలేదు గనుక, బాకీ కట్టి విడిపించుకునే మీ హక్కును ఆ డిక్రీ చెరిపేయలేదు. అసలు మిమ్మల్ని చేర్చి ఉంటే, ముందు ఇల్లు వేలం వేయండి, బాకీ తీరకపోతేనే మడిగె జోలికి రండి అని ఆస్తి బదిలీ చట్టం 56వ సెక్షన్ కింద అడిగేవారు. అందుకే కొన్నవారు స్వాధీనానికి వస్తే, మీ హక్కు తేల్చమని అదే కోర్టులో మీ వాదన పెట్టండి. కేసు పడ్డాక కొని ఉంటే ఈ వాదన నిలిచేది కాదు. విడిపించుకోవడమంటే బాకీ కట్టడమేనని మాత్రం మర్చిపోకండి. కొనేముందు ఈసీ (ఆస్తి మీది రిజిస్టర్ లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసి ఉంటే ఈ కుదువ అందులో కనిపించేది.

వకీలు ఫీజు గురించి మీ అక్క టెన్షన్ పడనక్కర్లేదు. ఆదాయం ఎంతైనా మహిళలకు ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఈ వారమే దరఖాస్తు ఇప్పించండి.