ఫ్లూ టీకా తర్వాత భుజం నొప్పి: పరిహారానికి దారి

డల్లాస్‌లో గత అక్టోబరులో మందుల దుకాణంలో ఫ్లూ టీకా వేయించుకున్న రాత్రే మొదలైన నొప్పి ఎనిమిది నెలలైనా తగ్గలేదని, జడ వేసుకోవడానికి కూడా చెయ్యి లేవడం లేదని మీరు రాసింది చదివి చాలా బాధ కలిగింది. సూదిని భుజంపై మరీ ఎత్తున గుచ్చితే ఇలా జరగవచ్చు; ఇది మీ భ్రమ కాదు.

అయితే ముందే దుకాణం మీద దావాకు వెళ్లకండి. 1986 నాటి అమెరికా సమాఖ్య చట్టం ఏర్పరచిన టీకా గాయాల పరిహార పథకం కింద మొదట వాషింగ్టన్‌లోని కోర్ట్ ఆఫ్ ఫెడరల్ క్లెయిమ్స్‌లో, ఆరోగ్య శాఖ కార్యదర్శిని ప్రతివాదిగా చూపి పిటిషన్ వేయాలి. ఈ గాయాన్ని 2017లో పరిహార పట్టికలో (టీకా వల్లే కలిగినట్టు పరిగణించే గాయాల జాబితాలో) చేర్చారు కాబట్టి, నొప్పి 48 గంటల్లోపు మొదలైందని, టీకా వేసిన భుజానికే పరిమితమైందని, అంతకుముందు అక్కడ ఏ బాధా లేదని, దానికి వేరే కారణమేదీ కనిపించడం లేదని, ఆరు నెలలు దాటి కొనసాగిందని రికార్డులు చూపితే, టీకా వల్లే గాయమైందని విడిగా గానీ, టీకా వేసినవారి నిర్లక్ష్యాన్ని గానీ నిరూపించనక్కరలేదు.

చాలా కేసులు బలహీనపడేది రికార్డుల దగ్గరే. అందుకే ఏ చేతికి టీకా వేశారో తెలిపే పత్రాన్ని ఈ వారమే తీసుకోండి. డాక్టరును కలిసిన ప్రతిసారీ నొప్పి మొదలైన తేదీని స్పష్టంగా చెప్పి రాయించండి. తొలి లక్షణం కనిపించిన నాటి నుంచి మూడేళ్లలోపు పిటిషన్ దాఖలు కావాలి. సద్భావంతో, సహేతుకమైన ఆధారంతో వేసిన పిటిషన్ ఓడినా లాయరు ఫీజును ఆ పథకమే చెల్లించవచ్చు గనుక, ఖర్చుకు భయపడి ఆగవద్దు.