అమ్ములూ, ముందు చెట్టు పైకి చూడు

చి.ల.సౌ. అమ్ములుకి,

మావయ్య ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ అత్తయ్యా క్షేమం. నా మోకాళ్లు మాత్రం క్షేమం కాదు. ఆ సంగతి తర్వాత చెప్తాను, వాటికీ నీ పెళ్లికీ సంబంధం ఉంది.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "అన్నయ్యా, దీనికి కల్యాణమండపం వద్దట, తోటలో చేసుకుంటుందట" అంది. చెప్తూ నవ్వింది. కాసేపాగి "నా పెళ్లిలాగే" అంది. ఏదో పనుందని ఫోన్ పెట్టేశాను. తర్వాత నిద్ర పడితే ఒట్టు. తెల్లారగట్లే లేచి ఇది రాస్తున్నాను. వాట్సాప్‌లో పెట్టొచ్చు కదా అంటావు. ఇంత సంగతి ఆ బుల్లి తెర మీద ఒక్క వేలితో కొట్టే ఓపిక నాకు లేదు.

నాకు సంతోషంగానే ఉంది, ముందది తెలుసుకో. 33 ఏళ్లు స్టూడియో నడిపినవాణ్ని. మండపాల్లో తీసిన ఆల్బమ్‌లు కలిపేస్తే ఏది ఎవరి పెళ్లో నేనే చెప్పలేను. అవే ఎర్ర కుర్చీలు, వెనకాల అవే థర్మోకోల్ నెమళ్లు. తోటల్లో తీసినవి మాత్రం ఒక్కటీ మర్చిపోలేదు. మన ఇంట్లో చెట్టూ వెలుతురూ గురించి ఆలోచించే పిల్ల ఒకత్తి పుట్టిందని గర్వంగా కూడా ఉంది. నీకు చెప్తే నెత్తికెక్కుతావని ఇన్నాళ్లూ అనలేదు.

నువ్వు పంపిన మూడు చోట్లూ భూతద్దం పెట్టి చూశాను.

మొయినాబాద్ దగ్గరి లాన్ శుభ్రంగా ఉంది. గడ్డి తప్ప ఇంకేమీ లేదు. పదిన్నర ముహూర్తానికి అక్కడ నీడనేది టెంటు వాడు ఇస్తేనే. పైగా పెళ్లి ముందురోజు రాత్రి గడ్డి పచ్చగా కనబడాలని నీళ్లు కొట్టేస్తారు. పొద్దున్నే కుర్చీ కాళ్లు దిగబడి, పెద్దవాళ్లు ఒక పక్కకి ఒరిగి కూర్చుంటారు. అదే ఖాయం చేస్తే ముందురోజు నీళ్లు ఆపమని రాతలో పెట్టించుకో.

కడియపులంక నర్సరీ ఫొటోలకి బంగారంలాంటి చోటు, పెళ్లికి కాదు. ఆ పూల వరసల మధ్య నలుగురు నడవడమే కష్టం, నాలుగు వందల మంది ఎక్కడ కూర్చుంటారు? యజమానిని అడిగి, మడుల్లోకి దిగకుండా, సాయంత్రం 5 తర్వాత తీయించుకోండి. కానీ ఒక మాట. నిన్ను పెళ్లికూతుర్ని చేశాక మీ అమ్మ పొలిమేర దాటనివ్వదు. "అదంతా మూఢనమ్మకం మావయ్యా" అని నాతో వాదించకు, వెళ్లి మీ అమ్మతో వాదించు. గెలవవు. అందుకని ఆ ఫొటోలు వారం ముందే అయిపోవాలి.

మూడోది తాతయ్య కొబ్బరితోట. నా ఓటు దానికే. ప్రేమతో అంటున్నానేమో, కాబట్టి దాని లోపాలు కూడా నేనే చెప్పాలి. పెళ్లికి రెండు రోజుల ముందు దింపు తీయించాలి. కాయ ఒక్కటీ మిగలకూడదు, ఎండు మట్ట ఒక్కటీ వేలాడకూడదు. వంటల పొయ్యిలు తోటలో వద్దు, ఎండుటాకులూ పీచూ ఎటు చూసినా ఉంటాయి. ఇంటి వెనక దొడ్లో పెట్టించు. వారం ముందు నుంచీ చెట్లకి నీళ్లు ఆపాలి, మనది ఒండ్రు నేల, తడిస్తే చెప్పుల్ని వదలదు. బాత్రూములు దగ్గర్లో ఉండాలి. ఇది మగవాళ్లెవరూ ఆలోచించరు. పట్టుచీర కట్టుకున్న డెబ్బై ఏళ్ల మనిషి మూడు వందల గజాలు నడిచి వెళ్లాలంటే, పొద్దుటి నుంచి మంచినీళ్లు కూడా తాగకుండా కూర్చుంటుంది. నేను చూశాను.

కొబ్బరితోటలో ఇంకో ఇబ్బంది వెలుతురు. ఆకుల సందుల్లోంచి ఎండ చిల్లులు చిల్లులుగా పడుతుంది. కంటికి అందంగానే ఉంటుంది గానీ ఫొటోలో మొహం చిరుతపులి అవుతుంది. సగం బుగ్గ తెల్లగా, సగం నల్లగా. మీ ఫొటోగ్రాఫర్ కుర్రాడు కంప్యూటర్లో సరిచేస్తానంటాడు. చిల్లుల్ని అతుకు తెలియకుండా కుట్టడం కంప్యూటరుకైనా కష్టమే. దాని మీద ఇంకోటుంది. జీలకర్ర బెల్లం దగ్గర అబ్బాయి తూర్పు ముఖంగా, నువ్వు పడమటి ముఖంగా కూర్చుంటారు. ఫాల్గుణంలో పదిన్నరకి సూర్యుడు ఆగ్నేయంగా పైన ఉంటాడు. అంటే అతని నుదుటి మీద ఎండ, నీ మొహం మీద నీడ. అతను కళ్లు చికిలించి ఉంటాడు, నువ్వు కనబడవు. నీ జీవితంలో ముఖ్యమైన ఆ క్షణం ఫొటోలో ఇలా వస్తుంది! దీనికి మందు ఒక్కటే, మండపం పైన తెల్ల గుడ్డ. ఎరుపూ పసుపూ వద్దు. ఎర్ర శామియానా కింద తీసిన పెళ్లికూతుళ్లందరూ జ్వరం వచ్చినట్టు ఉండేవాళ్లు, ఆకుపచ్చ గుడ్డ కింద వాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. ముహూర్తం రోజుకి కనీసం పది రోజుల ముందు, అదే గంటకి, అదే చోట ఎవరినైనా కూర్చోబెట్టి ఫోన్‌తో ఒక ఫొటో తీసి నాకు పంపు. చీకట్లోనో సాయంత్రమో చూసి "సూపర్" అనుకోకు.

పగటి పెళ్లి కాబట్టి పంతులుగారు ఎండలో ఆకాశం చూపించి అదే అరుంధతి అంటారు, మీరు కనబడిందంటారు. అది ఆచారం. కానీ ఆ రాత్రి 11 గంటలకి ఇద్దరూ తోట దాటి కాలవ గట్టు మీదికి రండి. ఈశాన్యం వైపు సప్తర్షులు పైకి లేచి ఉంటారు. తోకలో మధ్య చుక్క వశిష్ఠుడు, దాన్ని ఆనుకుని చిన్నగా ఆవిడ. మండపంలో పెళ్లి చేసుకున్నవాళ్లలో ఎంతమంది చూసుంటారు?

మోకాళ్ల సంగతి. నిన్ను బుట్టలో మండపానికి మోసేది నేనే, మీ చిన్న మావయ్యా నేనూ. నాకు 66. గది నుంచి మండపానికి దారి చదునుగా ఉండాలి, గుంటలు పూడ్పించాలి, వైర్లు అడ్డం ఉండకూడదు. ఇంటి వసారా నుంచైతే నలభై అడుగులు, ఆ మాత్రం మోయగలను. వేరే కుర్రాళ్లని పెట్టమని ఎవరైనా అంటే వాళ్ల మాట వినకు.

ఇక అసలు సంగతి.

మీ అమ్మ పెళ్లిలో తేనెటీగలు లేచిన కథ నీకు కథలాగే తెలుసు. మీ నాన్న అడ్డుతెర లాగి మీ అమ్మకి చుట్టేసి ఎత్తుకుని పరిగెత్తడం, పంతులుగారు గడ్డివాములో దూరడం, పండక్కి కలిసినప్పుడల్లా చెప్పుకుని నవ్వుకుంటాం. నేనూ నవ్వుతాను. ఆ కథలో ఒక ముక్క ఎవరికీ చెప్పలేదు. మీ అత్తయ్యకి కూడా ఇవాళ పొద్దున్నే చెప్పాను.

1994 వైశాఖం. తాతయ్య ఇంటి ముందే పందిరి వేద్దామన్నారు. నేనే పట్టుబట్టాను, కాలవ గట్టున నిద్రగన్నేరు చెట్టు కింద చేద్దామని. ఆ చెట్టు గొడుగులా పరుచుకుని ఉండేది. దాని నీడ పలచగా, అన్ని మూలలా ఒక్కలా పడేది. కొత్తగా పెంటాక్స్ కె-1000 కెమెరా కొన్నాను. చెల్లెలి పెళ్లి ఫొటోలు స్టూడియో ముందరి షోకేసు అద్దంలో పెడితే ఊరంతా నా దగ్గరికే వస్తుందని లెక్క. అంటే ఆ చోటు ఎంచింది చెల్లెలి కోసం కాదు, అద్దం కోసం.

ముందురోజు సాయంత్రం కెమెరాలోంచి చూస్తున్నాను. ఫ్రేములో పైమూల ఏదో నల్లగా ఉంది. కన్ను తీసి చూశాను. లావుపాటి కొమ్మ అడుగున చాటంత తేనెపట్టు. పక్క కొమ్మకి ఇంకోటి. చూస్తుండగానే దాని మీద పైనుంచి కిందికి ఒక అల పాకినట్టు మెరిసింది. అవన్నీ ఈగలే, ఒకదాని మీద ఒకటి, ఒక్కసారిగా తోకలు లేపి దింపుతున్నాయి. ఒళ్లు జలదరించింది. కెమెరా కొంచెం పక్కకి తిప్పాను. ఫ్రేములోంచి పోయింది. ఫ్రేములో లేకపోతే లేనట్టే అనుకున్నాను. రాత్రి భోజనాల దగ్గర మా నాన్న "ఏరా, చెట్టంతా చూసుకున్నావా?" అని అడిగారు. "చూశాను నాన్నా, బాగుంది" అన్నాను.

తాళి కట్టడం అయింది. తలంబ్రాలూ అయ్యాయి. హోమం మొదలుపెట్టారు. సమిధలు పచ్చిగా ఉన్నాయేమో, పొగ కమ్మేసింది. గాలి లేదు. అది నిటారుగా పైకి వెళ్లడం నేను లెన్సులోంచి చూస్తూనే ఉన్నాను. బాగుందని రెండు ఫొటోలు కూడా తీశాను. అప్పుడే గట్టుకి అవతల మన పాలేరు కొడుకు, పదేళ్ల కుర్రాడు, ఎవరో చేతికిస్తే టపాకాయల దండ వెలిగించాడు. తర్వాత దూరంగా బస్సు వస్తున్నట్టు ఒక చప్పుడు.

మిగతాది నీకు తెలుసు. తెలియంది మీ నాయనమ్మ సంగతి. ఆవిడ లేచి పరిగెత్తలేకపోయారు. చేతులతో మొహం కప్పుకుని ఆ కుర్చీలోనే ఉండిపోయారు. నేను తువ్వాలు తడిపి వెళ్లేసరికి తలనిండా ముళ్లు. మూడు రాత్రులు ఆసుపత్రిలో ఉన్నారు. బతికారు. కానీ "మగపెళ్లివారిని పిలిచి చెట్టు కింద కూర్చోబెట్టేముందు ఆ చెట్టు చూసుకోరా?" అని ఒక్కమాట అన్నారు. అన్నందుకు మనవాళ్లకి కోపం వచ్చింది. ఆవిడ మనింటికి వచ్చిపోయేవారే గానీ, చనిపోయేదాకా మంచినీళ్లు ముట్టలేదు. ఆవిడ అన్నదాంట్లో అబద్ధం ఒక్క అక్షరం లేదు.

ఆ సాయంత్రం అందరూ "ఎవడు కాల్చాడు టపాకాయలు?" అని వెతుకుతుంటే, ఆ కుర్రాణ్ని పట్టుకుని కొట్టింది నేను. అందరి ముందూ, చెంప మీద. వాడు ఏడవలేదు. పైకి చెట్టు వంక చూశాడు. వాడికీ ఆ పట్టు సంగతి తెలుసునని నాకు అప్పుడే అర్థమైంది. ఆ ఊరి పిల్లలందరికీ తెలిసే ఉంటుంది. వాళ్లని ఎవరూ అడగలేదు.

అందుకని అమ్ములూ, నువ్వు పూలూ లైట్లూ చూసుకునేముందు చెట్టు పైకి చూడు. నెల ముందు ఒకసారి, పదిహేను రోజుల ముందు ఒకసారి, ముందురోజు ఒకసారి. నిన్న లేని పట్టు రేపు ఉంటుంది, గుంపు గుంపంతా వచ్చి ఒక్కరోజులో వాలుతుంది. ఫాల్గుణం అంటే చెట్లు పూసే కాలం, వాటికి తిండి దొరికే కాలం. లావు కొమ్మల అడుగున చూడు, నీళ్ల ట్యాంకు కింద చూడు, మేడ సజ్జల కింద చూడు. కొబ్బరి మట్టల్లో కందిరీగల గూళ్లు చూడు. మేనేజరుని అడక్కు, లేవంటాడు. తోటమాలిని అడుగు, వాళ్ల పిల్లల్ని అడుగు. ఉందని తేలితే చోటు మార్చు. రాత్రికి రాత్రి కిరసనాయిలు గుడ్డతో కాలుస్తామనేవాళ్లని దగ్గరికి రానివ్వకు. టపాకాయలు వద్దే వద్దు. సమిధలు ఎండినవి తెప్పించు. డ్రోను కొమ్మల పక్కకి పోకూడదని మీ ఫొటోగ్రాఫర్ కుర్రాడికి గట్టిగా చెప్పు.

ఒకవేళ లేస్తే చేతులతో కొట్టకూడదు. ఒకటి కుడితే ఆ వాసనకి మిగతావి అక్కడికే వస్తాయి. కాలవలో దూకకూడదు, నీళ్ల మీదే తిరుగుతూ కాచుకుంటాయి. మొహం కప్పుకుని గదిలోకో కారులోకో వెళ్లి తలుపులు వేసుకోవాలి. ముళ్లు గోటితో గీకి వెంటనే తీసేయాలి. ఎక్కువ కుడితే ఆలోచించకుండా ఆసుపత్రి. నడవలేని పెద్దవాళ్ల ఒక్కొక్కరి పక్కన ఒక్కో కుర్రాణ్ని కూర్చోబెట్టు, పేరు పెట్టి చెప్పి.

పెళ్లి ఉత్తరంలో ఆసుపత్రి గురించి రాస్తున్నానని మీ అత్తయ్య తిడుతోంది. తిట్టనీ.

ఆవాళ నేను కొట్టిన ఆ కుర్రాడికి ఇప్పుడు నలభై దాటాయి. మన ఊళ్లో దింపు తీసే ముఠా అతనిదే. చెట్టు కింద నిలబడి చూస్తేనే పైన ఏముందో చెప్తాడట. బస్టాండులో ఎదురైతే "బాగున్నారా బాబూ" అంటాడు, నేను తలూపుతాను. నువ్వు తాతయ్య తోట ఖాయం చేస్తే అతన్ని పిలవాలి, పిలిచేది నేనే. మొదటి శుభలేఖ కూడా అతనికే, పసుపు రాసి నేనే తీసుకెళ్తాను. అక్కడ ఏం మాట్లాడతానో తెలియదు. ఈ ఉత్తరం మీ అమ్మకి చూపించాలా వద్దా అన్నది నీ ఇష్టం.

బుట్ట కొనకు. ఇక్కడ మేదరివాళ్ల దగ్గర నేనే అల్లిస్తాను, రెండు వైపులా గట్టి పిడులు పెట్టించి. బరువెంతో నిజం చెప్పు.

మీ
పెద్ద మావయ్య