టెక్ సందేహాలు: డ్రోన్ ఫొటోలో మా గోడ జరిగిందా?

ప్రశ్న: మాది గుంటూరు పట్టాభిపురం. 3 సెంట్లలో ఇల్లు. పక్కింటాయన డ్రోన్ ఎగరేయించి ఫొటోను ఒక యాప్‌లో కొలిస్తే మా ప్రహరీ వాళ్లవైపు జరిగినట్టు చూపించిందట. మేమూ అదే యాప్‌లో దస్తావేజు అప్‌లోడ్ చేసి, ఆ ఫొటో మీదే వేలితో హద్దులు గుర్తుపెట్టి కొలిచాం, 2.87 సెంట్లే వచ్చింది. ఏది నమ్మాలండీ?

జవాబు: రెండూ నమ్మొద్దు. ఇదే గొడవ మీద నాకు ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి, ఒకాయనైతే ఇలాంటి ఫొటో చూసే లాయర్ నోటీసు పంపించేశారు.

మీరు పంపిన డ్రోన్ ఫొటో పెద్దది చేసి చూశాను. గోడ అనుకుని మీరు వేలు పెట్టింది సన్‌షేడ్ అంచు మీద. వెనక మూలంతా వేపచెట్టు కమ్మేసింది, దాని కింద హద్దురాయి ఎక్కడుందో పైనుంచి ఎవరికి కనపడుతుంది? పైగా ఫొటో మధ్యలో లేని ఎత్తైనవన్నీ, మేడ, వాటర్ ట్యాంకు, పిట్టగోడ, అంచులవైపు ఒరిగినట్టు పడతాయి. 30 అడుగుల వెడల్పుంటే మీ లోతు దాదాపు 43న్నర అడుగులు, వెడల్పులో ఒక్క అడుగు తేడాగా వేలు పడితే పదో వంతు సెంటు పోయినట్టే. మీకు తగ్గిందీ ఇంచుమించు అంతే. అయినా ఆ యాప్ ఇంత తేడా ఉండొచ్చని ఒక్క ముక్క చెప్పకుండా 2.87 అని రెండు దశాంశాలు చూపిస్తుంది, ఇరుగూ పొరుగూ కొట్టుకునేది ఆ అంకెల కోసమే. ఇలా తయారుచేసినవాళ్లని ఏమనాలి?

ప్రభుత్వ రీసర్వేలోనూ డ్రోన్లు వాడారుగా అంటారేమో. వాడారు, కానీ అక్కడ నేల మీద గుర్తులు పెట్టి, కోర్స్ స్టేషన్ల (ఉపగ్రహ కొలతల్లో తప్పు సరిదిద్దే స్థిర కేంద్రాల) సిగ్నల్‌తో సరిచేసి, రోవర్ (ఉపగ్రహ సిగ్నల్‌తో స్థానం కొలిచే చేతి పరికరం) పట్టుకుని హద్దు మీద నిలబడి నమోదు చేస్తారు. అంత చేసినా విస్తీర్ణం తేడా వచ్చిందని అర్జీలు పడ్డాయి.

నాకు అసలు టెన్షన్ మీ గోడ గురించి కాదు, మీరు దస్తావేజు అప్‌లోడ్ చేశారే, దాని గురించి. అందులో మీ ఫొటో, సంతకం, వేలిముద్రలు ఉంటాయి, చాలావాటికి ఆధార్ కాపీ కూడా జతచేసి ఉంటుంది. రిజిస్ట్రేషన్ దస్తావేజుల్లోని వేలిముద్రలతో నకిలీ అచ్చులు చేసి, ఆధార్‌తో డబ్బు తీసే మెషీన్ల దగ్గర ఖాతాలు ఖాళీ చేసిన కేసులు మన రాష్ట్రంలోనే పట్టుబడ్డాయి. ఆ మోసానికి ఓటీపీ కూడా అక్కర్లేదు. గోడ కొలవడానికి ఒక యాప్ దస్తావేజు ఎందుకు అడగాలి? అడిగితే మనం ఎందుకు ఇవ్వాలి? బ్యాంకు పిన్ ఎవరికీ చెప్పనివాళ్లు కూడా వేలిముద్రలున్న కాగితాన్ని ముక్కూమొహం తెలియని సర్వర్‌కి పంపేస్తున్నారు.

ఈ రాత్రే ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ (ఆధార్‌కి వేలిముద్ర పనిచేయకుండా ఆపే తాళం) వేయండి, ఇంట్లో అందరికీ, ముఖ్యంగా దస్తావేజులో పేరున్న పెద్దవాళ్లకి. గోడ కొలిచిన యాప్‌లో అకౌంట్ తీసేసే ఆప్షన్ ఉంటే ముందు అది నొక్కండి. ఫోన్లోంచి యాప్ ఒక్కటే తీసేస్తే వాళ్ల దగ్గరున్న కాపీ పోదు. తర్వాత తీరిగ్గా సర్వేయర్‌కి అర్జీ పెట్టండి, వచ్చినరోజు పక్కింటాయన్నీ పిలిచి, దస్తావేజులోని నాలుగు హద్దులూ చూపించి, టేపు రెండో కొస ఆయన చేతికే ఇవ్వండి.